భుజం మీద తడి వల

ముందే చెప్పేస్తున్నాను, నేను కోతలు కోస్తాను. బందరులో నేను చూసిన దోమ గుడివాడ చేరేసరికి గద్ద అయిపోతుంది. మా ఆవిడ నేను చెప్పే ఏ అంకెనైనా నాలుగుతో భాగించుకుని వింటుంది. మీరూ అలాగే వినండి. ఒక్కచోట మాత్రం భాగించినా లాభం లేదు. అదెక్కడో చివర్లో చెబుతాను.

రెండేళ్ళ క్రితం నేను హాస్యం రాసే వారపత్రిక మూతపడింది. నా హాస్యం వల్ల కాదని ఎడిటరుగారు దేవుడి మీద ఒట్టేసి చెప్పారు. ఇంట్లో కూర్చుని ఈగలకు పేర్లు పెడుతున్న రోజుల్లో మా మేనకోడలు ఆదుకుంది. ఆ పిల్ల గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ చదివి, ఏదో కంపెనీకి ఇంటినుంచే ఒక టీము నడుపుతోంది.

"కళ్ళు బాగానే ఉన్నాయిగా మావయ్యా? కూర్చుని ఫొటోల్లో మనుషుల చుట్టూ గళ్ళు గీస్తే చాలు."

అలా మా వరండాలోకి కంప్యూటరు వచ్చింది. అన్నీ డ్రోన్లు ఆకాశం నుంచి తీసిన ఫొటోలు. కనిపించిన ప్రతి మనిషి చుట్టూ గడి గీయాలి. గడి కింద మూడు మీటలుంటాయి: 'ఆయుధం ఉంది', 'లేదు', 'తెలియదు'. 'తెలియదు' ఎక్కువసార్లు నొక్కితే స్కోరు పడిపోతుంది. నాకు తెలియని విషయమంటూ లోకంలో లేదు కాబట్టి ఆ మీట మీద దుమ్ము పట్టింది. రోజుకి లక్షమందిని చూసేవాణ్ణి. నా చూపుడువేలు అరటిపండంత లావైంది.

"ఇదంతా దేనికే?" అనడిగితే, "డ్రోనుకి మనిషిని గుర్తుపట్టడం నేర్పుతున్నాం మావయ్యా. ఇకమీదట ఎవర్నీ అడక్కుండా అదే తేల్చుకుంటుందట" అంది.

"గుర్తుపట్టి ఏం చేస్తుంది, నమస్కారం పెడుతుందా?"

"అది మనకి చెప్పరు."

నేనూ మళ్ళీ అడగలేదు. పైగా గర్వపడ్డాను. నేను లేచి టీ తాగడానికొస్తే ఎక్కడో సరిహద్దులో యుద్ధం ఆగిపోతుందని టీ కొట్టులో చెప్పేవాణ్ణి. డ్రోను ఒక దేశం తయారుచేస్తుంది, ఇంకో దేశం కొంటుంది, మూడో దేశం నెత్తిమీద అది ఎగురుతుంది, దానికి అక్షరాభ్యాసం మాత్రం మన గుడివాడ వరండాలో. అందరూ నవ్వేవారు. కింద నడిచే మనిషిది ఏ దేశమో నాకూ తెలియదు, వాళ్ళూ అడగలేదు.

ఒకరోజు పొద్దున్న చేపలావిడ వచ్చింది. నాగాయలంక అవతల సముద్రపు ఒడ్డున వాళ్ళ ఊరు. బస్సులో తట్ట వేసుకుని వారానికొకసారి మా వీధికి వస్తుంది. మా ఆవిడ గిన్నె తేవడానికి లోపలికెళ్ళింది. నా తెర మీద ఏదో నది ఒడ్డు, ఇసక, ఒక మనిషి. అప్పుడే 'ఆయుధం ఉంది' నొక్కాను, గడి ఎర్రబడింది.

"ఏంటండీ బాబుగారూ, ఆ మనిషి చుట్టూ ఎర్రగీత గీశారు?"

"భుజం మీద చూశావా? తుపాకీ. తుపాకీ ఏంటి, ఫిరంగే అనుకో."

ఆవిడ తడిచేతులు వెనక్కి పెట్టుకుని వంగి చూసింది.

"తుపాకీ నీళ్ళు కారుద్దా అండీ?"

"నీళ్ళేంటమ్మా?"

"ఇసక చూడండి. నీళ్ళ కాణ్ణించి ఆ మనిషి దాకా నల్లగా చార పళ్ళేదూ? తడండీ అది. విసురువల తీసి భుజానేసుకున్నాడు. ఆ పొడుగ్గా ఉంది పడవ గెడ. మా ఆయన రోజూ ఇట్టాగే వస్తాడు, తడిబరువుకి ఒక పక్కకి ఒరిగిపోయి." వరండాలో నాలుగడుగులు అలాగే ఒరిగి నడిచి చూపించింది. నేను నవ్వాను. ఫొటో వైపు చూశాక నవ్వు ఆగిపోయింది. ఆ మనిషీ ఎడమపక్కకి ఒరిగే ఉన్నాడు.

"తుపాకీ అని రాస్తే ఏమవుద్దండీ?"

"ఏం కాదమ్మా. మిషను నేర్చుకుంటుందంతే."

"ఏం నేర్చుకుంటది? మా ఆయన్ని చూస్తే తుపాకీ అనుకోవాలనా?"

నేను ఫొటో పెద్దది చేసి ఆ చారని మళ్ళీ చూశాను.

"ఇట్టా రాశామని ఆ మనిషికి చెప్తారాండీ?"

"చెప్పరమ్మా."

"మరి మార్చండి బాబుగారూ."

"మారుస్తానమ్మా" అన్నాను.

మీట నొక్కగానే ఆ ఫొటో కంపెనీకి వెళ్ళిపోయింది, తెర మీద మిగిలింది నకలే. శనివారం సాయంత్రం ఆ వారం ఫొటోల బ్యాచ్ మూసేస్తారు, ఆలోపు మేనకోడల్ని అడిగితే వెనక్కి తెప్పించవచ్చు. కానీ ఒకటి వెనక్కి వస్తే పైవాళ్ళు నా పాతవన్నీ తిరగేస్తారు. భుజాన పొడుగ్గా కనిపించిన ప్రతిదానికీ నేనేం నొక్కానో నాకు తెలుసు. వాటిలో పారలెన్నో, తెడ్లెన్నో, కావిళ్ళెన్నో.

అయినా ఫోను తీశాను.

"మావయ్యా, ఒక్కదాని కోసం బ్యాచ్ అంతా తెరిపించమంటావా? నీ ఉద్యోగం పోతుంది" అంది మేనకోడలు.

"పోనీవే! వల మోసేవాణ్ణి చంపించే ఉద్యోగం నాకెందుకు?" అని రెండు గంటలపాటు ఉపన్యాసమిచ్చాను. వీధిలో ఆటోలు ఆగిపోయాయి. ఆ పిల్ల ఏడ్చింది. బ్యాచ్ తెరిపించింది. ఎర్రగడి తీసేశాను.

తరువాతి వారం చేపలావిడ అడిగితే ఇదంతా చెప్పాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, వద్దంటున్నా గిన్నెలో ఇంకో గుప్పెడు నెత్తళ్ళు వేసింది. "ఇవాళ కొసరు ఇంత వేసిందేంటండీ?" అంది మా ఆవిడ. వేపుడు బాగా కుదిరింది. రెండోసారి వడ్డించుకున్నాను.

ఇక నేను కల్పించింది ఏదో చెప్పాలి. చేపలావిడ మాటల్లో నేను ఒక్క అక్షరం చేర్చలేదు. ఇసక మీద తడిచారా నిజమే, ఆ మనిషి ఒరిగి నడవడమూ నిజమే. ఫోనులో మాట్లాడటమే అబద్ధం. మేనకోడలి నంబరు దాకా వెళ్ళాను. కాసేపు దాన్నే చూశాను. ఫోను బోర్లా పెట్టి టీ కొట్టుకి పోయాను. శనివారం సాయంత్రం దాటిపోయింది. ఎర్రగడి అలాగే ఉంది.

ఇప్పుడు భుజాన ఏది కనిపించినా 'తెలియదు' నొక్కుతున్నాను. స్కోరు పడిపోతోంది. ఆవిడ మాత్రం వచ్చినప్పుడల్లా గుప్పెడు నెత్తళ్ళు ఎక్కువే వేస్తోంది. వద్దనలేక తింటున్నాను.

మొన్న మళ్ళీ అడిగింది, "ఆ మనిషి బాగున్నాడాండీ?" అని.

"బాగున్నాడమ్మా" అన్నాను.

అదీ నేను కల్పించిందే.