తిరగలితో సహా

ఏడు వందల ఏళ్ళ కిందట ఖాళీ అయిపోయిన ఆ ఊరు ఎందుకు ఖాళీ అయిందో మామయ్య ఏ ఇద్దరికీ ఒకే కారణం చెప్పి ఎరగడు.

అసలక్కడ ఊరేముంది గనక? గడ్డి మొలిచిన మట్టి గట్లు నాలుగు వరసలు. తలకి టోపీ, మెళ్ళో ఈలతో నిలబడి, చూడ్డానికి వచ్చినవాళ్ళకు వాటిని చూపించడం మామయ్య ఉద్యోగం. గట్టు మీద కాలు పడితే ఈల. "గోడ తొక్కుతారేమండీ? వాకిలి అటుంది!" ఎంతటివాళ్ళయినా ఆ లేని వాకిట్లోంచి తల వంచుకుని మరీ వెళ్ళేవారు.

కొంప ముంచింది తిరుగు బస్సు. ఊరు చూసొచ్చిన ఇద్దరు అందులో పక్కపక్కన కూర్చున్నారు.

"పాపం, వరదొచ్చి ఊరొదిలేశారట."

"వరదేమిటండీ? చుక్క నీళ్ళు లేక పోతేనూ!"

ఇద్దరూ డిపో దాకా పోట్లాడుకుని, దిగాక ఒక్కటై పురావస్తు ఆఫీసుకు ఫిర్యాదు రాశారు.

ఆ ఆఫీసులో గుమాస్తా మామయ్య మేనకోడలే. ఇరవై ఏళ్ళుగా ప్రమోషన్ లేక ఒకే కుర్చీలో మగ్గుతున్న ఆఫీసరు ఆమెను పిలిచాడు. "బోర్డు మీద రాయించడానికి ఒక్కటే కారణం కావాలి. చెప్పకపోతే ఆ టోపీ, ఈల లాక్కొచ్చెయ్."

మేనకోడలు పుస్తకం, కలం పట్టుకుని గట్ల దగ్గరికి వెళ్ళింది. "మామయ్యా, వరదా, కరువా?"

"ఎవరికే?"

"ఎవరికేమిటి, ఊరికి!"

"అలా అడిగితే ఎలా చెప్తానే పిచ్చిదానా? వచ్చిన మనిషిని చూడాలిగా!"

మేనకోడలికి బుర్ర తిరిగింది. ఇంతలో దుకాణం మూసేసిన దర్జీ ఒకాయన వచ్చాడు. కొత్త రోడ్డు అవతలగా పడి బేరాలు పోయాయని గేటు దగ్గరే వాపోయాడు.

"ఇక్కడా అదేనండీ జరిగింది!" అన్నాడు మామయ్య. "దారి మారింది. వీళ్ళు తిరగలితో సహా సర్దుకుని కొత్త దారి పక్కకెళ్ళారు. అక్కడ కుమ్మరికి ఊపిరాడనంత పని!"

దర్జీ గోడ మీదే చతికిలబడ్డాడు. ఈల మోగలేదు. కాసేపటికి లేచి, కొత్త రోడ్డుకు దగ్గర దారేదో కనుక్కుని వెళ్ళాడు.

మేనకోడలి పుస్తకంలో వరద కొట్టివేత, కరువు కొట్టివేత. ఇప్పుడు దారి మీద కూడా కలం ఆడుతోంది. "నీ ఉద్యోగం ఊడేలా ఉంది మామయ్యా! నిజం చెప్పు."

"నిజం ఎవడికి తెలుసే? తవ్వినవాళ్ళకేం దొరికింది?"

"ఏమీ లేదు. తిరగలి రాయి కూడా లేదు."

"మరి! ప్రాణాల మీదికొచ్చి పరిగెత్తేవాడు తిరగలి మోస్తాడా? నిదానంగా వెళ్ళారు, ఎక్కడో బాగానే బతికారు. ఆ ముక్క మాత్రం ఎప్పుడూ మార్చలేదు. మిగతాది వచ్చినవాళ్ళని బట్టి."

ఇదేం నివేదికని ఆఫీసరు మండిపడి, మర్నాడు తానే బయల్దేరాడు. సాయంత్రం ఉత్త చేతులతో తిరిగొచ్చి గ్లాసుడు నీళ్ళు తాగాడు.

"టోపీ, ఈల ఏవండీ?"

"ఉండనివ్వమ్మా." కుర్చీలో వెనక్కి వాలాడు. "ఆ ఊళ్ళో ఒకాయన పనంతా నెత్తినేసుకుని చేసేవాడట. ఇరవై ఏళ్ళు ఒక్కడూ గుర్తించలేదట. విసిగిపోయి తిరగలెత్తుకుని బయల్దేరితే, ఆయన లేనిదే పూట గడవదని ఊరు ఊరంతా వెనకే పోయిందట!"

మేనకోడలు ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుంది. "అయితే బోర్డు మీద అదే రాయించనా?"

"వద్దొద్దు. మామయ్యని అడగమని రాయించు. కింద, గోడలు తొక్కొద్దని కూడా."