నుదుటి మీది రెండు పట్టీలు

నా మెడలో ఎడమవైపు రక్తనాళం పూడుకుపోయిందనీ, దానిని కోసి శుభ్రం చేయాలనీ కరీంనగర్‌లో వైద్యులు నిర్ణయించారు. పూర్తి మత్తు ఇవ్వరు. మెడ మాత్రమే మొద్దుబారుస్తారు. నాళాన్ని బిగించి ఉంచినంతసేపూ మెదడుకు ఆక్సిజన్ చాలుతున్నదో లేదో రెండు విధాలుగా కనిపెడతారు: నుదుటికి అంటించిన రెండు పట్టీలు తెర మీద చూపే అంకె, నేను నోటితోనూ చేతితోనూ ఇచ్చే జవాబు. చాలకపోతే రక్తం పారేందుకు నాళంలో చిన్న గొట్టం పెట్టాలి. దానితోనూ ప్రమాదముంది గనుక ఊరికే పెట్టరు.

ముఖం మీదుగా ఆకుపచ్చ గుడ్డ కప్పారు. తల కదపరాదు. ముప్పై ఏళ్లు బడిలో క్రమశిక్షణ నడిపిన నా కుడిచేతిలో, పిండితే కీచుమనే రబ్బరు బాతు పెట్టారు.

"సారూ, మీ ఊరేంది?" మత్తు వైద్యురాలు అడిగింది.

"చొప్పదండి."

"బాతును పిండుండ్రి."

పిండాను. రెండు నిమిషాలకు మళ్లీ అదే ప్రశ్న. నాలుగోసారికి నాకు కోపం వచ్చింది. ఒకసారి చెప్పినదాన్ని మళ్లీ అడిగించుకోవడం బడిలో నేనెన్నడూ సహించలేదు. పెదవులు బిగించాను. బాతునూ పిండలేదు.

శస్త్రవైద్యుడి చేయి ఆగింది. "సారు మాట్లాడ్తలేడా? గొట్టం పెట్టాల్నా?"

"జర ఆగుండ్రి. అంకె కదలలే." ఆమె గుడ్డ అంచు ఎత్తి నా ముఖంలోకి చూసింది. "సారు అలిగిండు. సారూ, గిది పరీక్ష గాదు, మార్కులు లెవ్వు. చెప్పుండ్రి."

"చొప్పదండి," అన్నాను పళ్ల సందున. ఎవరో నవ్వారు.

కొంతసేపటికి ఆమె మళ్లీ అడిగింది. ఈసారి చెప్పాలనే అనుకున్నాను. ఊరు కళ్లముందున్నది, పేరు నాలుకకు రాలేదు. బాతును పిండాననుకున్నాను, శబ్దం రాలేదు. గుడ్డ కింద కళ్లు తెరిచే ఉన్నాయి. మళ్లీ అలిగాననుకుంటే? ఆ అనుమానాన్ని వాళ్లకు నేర్పినవాణ్ణి నేనే. కాదని చెప్పడానికి నోరూ లేదు, చేయీ లేదు.

"మళ్ల అలిగిండా ఏంది?" శస్త్రవైద్యుడి గొంతు.

"గీసారి అలుక గాదు. అంకె దిగుతున్నది. గొట్టం పెట్టుండ్రి, జల్ది."

మెడ దగ్గర ఏవో ఒత్తిళ్లు. ఎంతసేపో తెలియదు. ఆమె అంకెలను పైకి చదువుతూనే ఉన్నది. అవి పెరుగుతున్నాయని గ్రహించేలోగా చేతిలో బాతు కీచుమన్నది.

"సారూ, మీ ఊరేంది?"

చెప్పాను. ఆమె అడగకముందే మరోసారి చెప్పాను. కుట్లు పడేదాకా చెబుతూనే, పిండుతూనే ఉన్నాను.

"ఇగ చాలు సారూ, సమజైంది," అన్నాడు శస్త్రవైద్యుడు.

నేను ఆపలేదు.