అవ్వ చుట్టిన రాగి కండె

ఎమ్మెస్సీ ముగించుకుని హైదరాబాదు నుంచి కరీంనగర్ తిరిగొచ్చిన ఏడాది నా కాళ్లు నేల మీద ఆనలేదు. కారణం చెబితే మీరు నవ్వుతారు. ఆఖరి సంవత్సరంలో మాకు క్వాంటం ఫీల్డ్ సిద్ధాంతం ప్రత్యేక పేపరుగా ఉండేది. ఆ పేపరు నా తలకెక్కింది.

ఖాళీ చోటంటూ ఎక్కడా లేదట. మీ ముక్కుకూ ఈ కాగితానికీ మధ్య కూడా విద్యుదయస్కాంత క్షేత్రం పరచుకుని ఉందట. అది వణికితే వెలుగు. ఆ వణుకైనా ఇష్టమొచ్చినంత వణకడానికి వీల్లేదు, ఒకటి, రెండు, మూడు అని విడివిడి మోతాదుల్లోనే వణకాలి. ఎలక్ట్రాను కూడా తన క్షేత్రంలో లేచిన ఓ చిన్న అలేనట. ఇదంతా తెలిశాక మామూలు మనిషిలా బస్సెక్కి కూర్చోవడం ఎలా? బస్సులో నా పక్కన కూర్చున్న రైతుకు మొత్తం చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "ఒంట్లె బాగలేదా బిడ్డా?" అని నీళ్ల చెంబు అందించాడు.

ఇంట్లోనూ వదల్లేదు. మాది నేత ఇల్లు. బాపు మగ్గం మీద ఉండేవాడు. అవ్వ, అంటే మా అమ్మ, పొద్దున లేచింది మొదలు రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. కండె అంటే మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే నూలు చుట్ట. వాళ్లిద్దరి మధ్య నిలబడి, ఈ లోకంలో ఖాళీ లేనే లేదని నేను చేతులూపుతూ చెబుతుంటే, బాపు మగ్గం ఆపకుండానే, "నీ తలకాయల జర చూసుకోరాదురా, దొరుకుతదేమో," అన్నాడు. అవ్వ నవ్వు ఆపుకోలేక పోగు వదిలేసింది.

ఆ ఊపులోనే ఉద్యోగం దొరికింది. ఊళ్లో కొత్తగా తెరిచిన ఒక చిన్న కాలేజీ, అద్దె మేడలో మూడు గదులు. భౌతికశాస్త్రానికి అధ్యాపకుణ్ని, ప్రయోగశాలకు అధిపతిని, బీరువాలకు కాపలాదారుణ్ని నేనే. బీయెస్సీ తరగతికి విశ్వవిద్యాలయం అనుమతి ఇంకా రాలేదు. వస్తుందనే ధైర్యంతో ప్రిన్సిపాల్ గారు పద్నాలుగు మందిని చేర్చేసుకున్నారు. సుల్తానాబాద్ వరి పొలాల నుంచి ఇద్దరు, నస్పూర్ బొగ్గుగని కార్మికుడి కొడుకొకడు, మిగిలినవాళ్లు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. తనిఖీకి వచ్చే ప్రొఫెసరు ప్రయోగశాల చూసి సరేనంటేనే వాళ్ల చదువు. కాదంటే పద్నాలుగు మందీ పెట్టెలు సర్దుకుని ఇళ్లకు పోవాలి, ఏడాది మట్టిగొట్టుకుపోతుంది. వాళ్లకు ఆ సంగతి తెలుసు. నా పాఠం వింటున్నప్పుడు కూడా వాళ్ల కళ్లలో ఆ బెదురు కనిపించేది.

తనిఖీ నాలుగు రోజుల్లో ఉందనగా మద్రాసు నుంచి పరికరాల పెట్టె వచ్చింది. గాల్వనోమీటరు వచ్చింది, కడ్డీ అయస్కాంతం వచ్చింది, తీగచుట్ట రాలేదు. అదే ముఖ్యం. చుట్టలోకి అయస్కాంతాన్ని దూర్చితే, బ్యాటరీ ఏదీ లేకుండానే తీగలో కరెంటు పుట్టి గాల్వనోమీటరు ముల్లు కదలాలి. విద్యుదయస్కాంతత్వం అనే మేడకు అది మొదటి మెట్టు. అది చూపించలేని కాలేజీకి అనుమతి ఎవరిస్తారు?

ప్రిన్సిపాల్ గారు ఉర్దూలో చదువుకున్న పెద్దమనిషి. "ఫికర్ చెయ్యకు. నువ్వే ఒకటి చుట్టు. అడిగితే మద్రాసు కంపెనీదని చెప్పు," అన్నారు. నేను సరేనన్నాను. ఆ సరే అన్నందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

మోటార్లు బాగుచేసే మేస్త్రీ దగ్గర సన్నటి రాగితీగ తెచ్చాను. కరెంటు ఒక చుట్టు నుంచి పక్క చుట్టులోకి దూకకుండా ఆ తీగకు పైన లక్కలా మెరిసే పూత ఉంటుంది. రెండువేల చుట్లు కావాలి. నేను మూడు వందల దాకా చుట్టేసరికి అది కాకి గూడులా తయారైంది. అవ్వ అరుగు మీద కూర్చుని కాసేపు నా అవస్థ చూసి, "ఇట్ల తే. గది నువ్వు చేసే పని కాదు," అని లాక్కుంది.

అట్టగొట్టాన్ని రాట్నం కదురుకు గుచ్చి తిప్పడం మొదలుపెట్టింది. ఏం చేయి అది! రాగి ఆమె వేళ్ల మధ్య నుంచి జారి, వరసకు వరస ఆనుకుని కూర్చుంటుంటే నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. తొమ్మిది వందల దాకా లెక్కపెట్టి నేను పాఠానికి పోయాను. తిరిగొచ్చేసరికి చుట్ట తయారు. మధ్యలో లావుగా, చివర్లు సన్నగా, అచ్చం కండె.

"ఎక్కడా తెగలేదు గదా అవ్వా?"

"నా చేతిల పోగు తెగిందని ఎవడన్న చెప్పిండా ఇప్పటిదాంక?"

నిజమే, ఎవరూ చెప్పలేదు. ఆ వాడకట్టులో అవ్వకు అదే పేరు. నేను ఆ చుట్టను ముద్దుపెట్టుకున్నంత పనిచేసి కాలేజీకి పట్టుకుపోయి బీరువాలో పెట్టాను. ఒకసారి గాల్వనోమీటరుకు తగిలించి చూడాలని తట్టనే లేదు. సిద్ధాంతం తలకెక్కినవాడికి అదొక జబ్బు. సమీకరణం కదులుతుందని చెప్పాక ముల్లు కదలక ఏం చేస్తుందని ధీమా.

తనిఖీ రోజు జీపులోంచి దిగిన మనిషిని చూసి గంతేశాను. నాకు ఫీల్డ్ సిద్ధాంతం నేర్పిన ప్రొఫెసరే! బోర్డు ముందు సుద్దముక్కతో ఆయన దాదాపు నాట్యం చేసేవారు. నన్ను చూసి, "నువ్వా? స్క్రూడ్రైవరు ఏ కొస పట్టుకోవాల్నో తెలిసిందా?" అని వీపు మీద చరిచారు. ఇక ఈరోజు పండగే అనుకున్నాను.

పద్నాలుగు మందీ కిటికీల దగ్గర గుంపయ్యారు. నేను చుట్టను తగిలించి, గారడీవాడిలా చెయ్యి పైకెత్తి అయస్కాంతాన్ని లోపలికి దూర్చాను. ముల్లు కదల్లేదు. తీసి మళ్లీ దూర్చాను. లేదు. వేగంగా, మెల్లగా, తలకిందులుగా, అన్ని రకాలుగా చేశాను. చుట్టకు బ్యాటరీ తగిలించి చూశాను. అయినా లేదు. నా చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి.

"ఈ కాయిల్ ఎక్కడిది?" అన్నారు ప్రొఫెసరు.

"మద్రాసు కంపెనీది సార్," అని ప్రిన్సిపాల్ గారు నాకన్నా ముందే అనేశారు.

"అయితే లోపల ఎక్కడో తెగింది. వాపసు పంపుండ్రి. కొత్తది వచ్చినంక మళ్ల వస్త. ఈ యేడు కాదు గానీ, వచ్చే యేడు చూద్దాం." ఆయన పెన్ను మూత పెట్టేశారు.

కిటికీ దగ్గర నస్పూర్ అబ్బాయి తన పుస్తకాలు ఒక్కొక్కటే సంచిలో పెట్టుకోవడం మొదలుపెట్టాడు. అది చూశాక నేనిక ఆగలేకపోయాను.

"మద్రాసుది కాదు సార్. మా అవ్వ చుట్టింది. మా ఇల్లు రెండు గల్లీల అవతలే. ఆమె కండెలు చుడుతుంది," అన్నాను. ప్రిన్సిపాల్ గారు కళ్లు మూసుకున్నారు.

ప్రొఫెసరు నన్ను ఎగాదిగా చూశారు. "మరి నిలబడ్డవేంది? పిలుచుకరా!"

పరుగెత్తాను. దారిలో అవ్వకు సంగతి చెబితే, "తెగలేదురా, ఎన్నిసార్లు చెప్పాలె?" అని కసిరింది. ఆమె చీర కొంగు నడుముకు చుట్టుకుని ముందు నడిస్తే, మళ్లీ చుట్టాల్సి వస్తుందేమోనని నేను రాట్నం భుజానికెత్తుకుని వెనక నడిచాను. బజారులో జనం నిలబడి చూశారు.

గదిలో అందరూ ఆమెకు దారి ఇచ్చారు. ప్రొఫెసరు లేచి నమస్కారం పెట్టి, "అమ్మా, తీగె ఎక్కడన్న తెగిందా? నీ తప్పేం లేదు. తెల్వకుంటే ఈ పిల్లగాండ్లు ఇంటికి పోవాలె, అందుకని అడుగుతున్న," అన్నారు.

అవ్వ కిటికీల వైపు చూసింది. పుస్తకాల సంచి భుజాన వేసుకున్న నస్పూర్ అబ్బాయిని చూసింది. నా వైపు మాత్రం చూడలేదు.

"తెగింది సారూ. రెండు తావుల్ల. నేనే అతికి దాచిన," అంది.

జీవితంలో ఆమె ఆ మాట అనడం అదే మొదటిసారి. ఆ వెంటనే నాకు పిచ్చి ఆనందం పుట్టుకొచ్చింది, ఎందుకంటే సంగతి మొత్తం అర్థమైపోయింది. నూలు తెగితే కొసలు రెండూ కలిపి మెలిపెట్టి నున్నగా నలిపితే చాలు, అతుకు కంటికి కనపడదు. రాగికీ అలాగే చేసింది. పట్టు గట్టిదే, కానీ పైన పూత ఉంది గదా! పూత పూతనే తాకింది, రాగి రాగిని తాకలేదు. పూత గీకి అతకాలని అవ్వకు తెలియదు, చెప్పాలని నాకు తట్టలేదు.

అవ్వ నేల మీద కూర్చుంది. చుట్టను పెన్సిలుకు గుచ్చి ఒకబ్బాయి పట్టుకున్నాడు, కదురుకు కొత్త అట్టగొట్టం గుచ్చారు. రాట్నం తానే తిప్పుతానని ప్రొఫెసరు పంతంపట్టి పక్కన చతికిలబడ్డారు. "జర మెల్లగ తిప్పు సారూ, పారిపోతలేదది," అని అవ్వ మందలిస్తే, "సరేనమ్మా," అన్నారు. పద్నాలుగు గొంతులు చుట్లు లెక్కపెట్టసాగాయి. అవ్వ కళ్లు మూసుకుని తీగను రెండు వేళ్ల మధ్య నుంచి పోనిస్తోంది.

"ఆపు!" అంది ఆరువందల దగ్గర. నాకేమీ కనపడలేదు. గోటితో తడిమితే చిన్న గరుకు తగిలింది. బ్లేడుతో కొసలు గీకి, ఎర్రటి రాగి తేలాక మెలిపెట్టాను. వెయ్యి దాటాక మళ్లీ "ఆపు!"

రెండువేలవ చుట్టు రాగానే మేడ కూలిపోయేలా కేక వేశారు. ఈసారి అయస్కాంతం పట్టుకునే ధైర్యం నాకు లేకపోయింది. అవ్వ చేతికే ఇచ్చాను. ఆమె దాన్ని చుట్టలోకి తోసింది. ముల్లు ఎగిరిపడింది! బయటికి లాగితే అటువైపు ఎగిరింది. అవ్వ ఉలిక్కిపడి, మళ్లీ తోసి, మళ్లీ లాగి, చిన్నపిల్లలా కిలకిలా నవ్వడం మొదలుపెట్టింది.

"తాకనే తాకలేదు గదా సారూ, ఎట్ల కదులుతున్నది?"

"నడుమ క్షేత్రమున్నదమ్మా," అని మొదలుపెట్టి, కాసేపు తంటాలుపడి, "నాక్కూడ పూర్తిగ తెల్వది," అని ప్రొఫెసరు చేతులెత్తేశారు. తర్వాత కొంచెం సిగ్గుపడుతూ, "ఒకసారి నన్ను చెయ్యనీయమ్మా. బోర్డు మీద రాసుడే గానీ నా చేతితోని ఎన్నడూ చెయ్యలే," అని చెయ్యి చాపారు.

అవ్వ అయస్కాంతాన్ని చప్పున వీపు వెనక దాచుకుంది.

"ముందుగాల గీ పిల్లగాండ్లు ఇంటికి పోవద్దని కాయితం మీద రాయి సారూ. రాసినంక ఇస్త."

ప్రిన్సిపాల్ గారు "అయ్యో" అన్నారు. ప్రొఫెసరు మాత్రం పెన్ను మూత తీసి, బల్ల మీద కాగితం పెట్టుకుని రెండు వాక్యాలు రాసి సంతకం చేసి అవ్వకు అందించారు. అవ్వకు చదువు రాదు. ఆయన మీద నమ్మకమూ లేదు, నా మీద అంతకన్నా లేదు. కిటికీలోంచి చేయి చాపి కాగితాన్ని నస్పూర్ అబ్బాయికి ఇచ్చి, "నువ్వు చదువు బిడ్డా," అంది.

వాడు ఇంగ్లీషులో ఉన్నది ఒకసారి తనలో తాను చదువుకున్నాడు. తర్వాత పైకి, "బీయెస్సీ తరగతికి ఈ సంవత్సరం నుంచే అనుమతి..." అని తెలుగులో మొదలుపెట్టి, మిగిలింది చదవలేక ఏడ్చేశాడు.

అవ్వ అయస్కాంతాన్ని ప్రొఫెసరు చేతిలో పెట్టింది.