తిల్ల కొమ్మ

మా నాన్నగారు లెక్కల మేష్టారు. మామిడికుదురు దగ్గర మా ఊళ్ళో ఎవరైనా దయ్యం మాటెత్తితే ఆయన మూడే ప్రశ్నలు వేసేవారు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చూసేరు? మూడోదానికి జవాబు ఎప్పుడూ "ఫలానా వాళ్ళ బావమరిది" అనే ఉండేది. నాన్నగారు నవ్వి ఊరుకునేవారు. నేనూ అలాగే పెరిగేను. దయ్యాలమీద నాకు అప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు.

కాబట్టి ఆ మూడింటికీ ముందే జవాబు చెప్పేస్తాను. కాట్రేనికోన అవతల, మడ అడవిలో. తొంభై ఆరు తుఫాను వచ్చిన రెండో ఏడు, ఎండాకాలం చివర, మధ్యాహ్నం మూడు దాటేక. విన్నది నేనే.

ఇన్నాళ్ళూ ఇది ఎవరికీ చెప్పకపోవడానికి కారణం, నవ్వుతారన్న భయం కాదు. ఇది చెప్పాలంటే అంతకు ముందు నేను చేసిన పని కూడా చెప్పాలి. అది చెప్పడానికి సిగ్గు.

అప్పట్లో నేను అమలాపురంలో ఒక కాలేజీలో బోటనీ చెబుతూ పీహెచ్‌డీ చేస్తున్నాను. సముద్రపు పోటుకి ఉప్పునీళ్ళు ఎక్కే బురదనేలలో పెరిగే అడవిని మడ అంటారు. మన తీరంలో ఆ మడ చెట్లు ఏ జాతివి ఎన్ని మిగిలేయి, ఎక్కడ తగ్గిపోతున్నాయి అన్నది నా విషయం. మడ దట్టంగా ఉన్నచోట తుఫాను కెరటాలు ఊళ్ళోకి రాలేదని అక్కడివాళ్ళు చెప్పుకునేవారు. ఓపక్క రొయ్యల చెరువుల కోసం ఆ మడనే నరికేస్తున్న రోజులు. ఏ చెట్టు ఎక్కడుందో కాగితం మీదకి ఎక్కితేనే మిగిలింది నిలబడుతుందని నేను నిజంగానే నమ్మేను.

నన్ను పడవమీద తీసుకెళ్ళి లోపల దారి చూపించినాయన వీరాసామిగారు. యాభై దాటిన మనిషి, చేపలవేట ఆయన పని. చదువు లేదు. ముందు నడుస్తూ ఒక్కో చెట్టు దగ్గర ఆగి, బెరడుమీద అరిచెయ్యి వేసి పేరు పలికేవారు. "తిల్ల." నేను రాసుకున్నాక మళ్ళీ నడిచేవారు. "గుగ్గిలం." ఆ పలకడంలో తొందర ఉండేది కాదు. "తిల్లుందంటే అక్కడ మెరకండి. కలింగుందంటే నీళ్ళు దగ్గరండి. చెట్టు తెలిస్తే మడలో దారి తప్పరండి," అని మొదటిరోజే చెప్పేరు.

వాళ్ళ ఊళ్ళో మడ కాపుదలకి కమిటీ వేస్తున్నారని, అందులో కాపలా మనిషిగా తనని తీసుకుంటారేమోనని ఆయనకి ఆశ. ఉత్తరం రాసిస్తానని నేను మాటిచ్చేను.

తిల్ల చెట్టు ఆకు తుంచినా కొమ్మ నరికినా పాలు కారతాయి. అవి కంట్లో పడితే చూపు పోవచ్చు. ఇది నేను క్లాసులో పాఠంగా చెప్పిన సంగతే. ఆ రోజు నాకు పూతమీదున్న తిల్ల కొమ్మ కావాల్సొచ్చింది, ఎండబెట్టి షీటుమీద అంటించి కాలేజీలో భద్రపరచడానికి. చేతికందే ఎత్తులో పూత లేదు.

"ఇయ్యాల వద్దండి టీచరమ్మగారు. గాలి తిరుగుడుగా ఉందండి. రేపు పొద్దుటే వచ్చి కోసిస్తానండి," అన్నారాయన.

మర్నాడు నాకు పరీక్షల డ్యూటీ. చిరాకొచ్చింది. "తిల్ల గురించి నాకు చెబుతున్నారా? మొహం పక్కకి పెట్టుకుని కొట్టండి, ఏమీ అవదు," అన్నాను.

ఆయన నావైపు ఒకసారి చూసి, "ఆయ్," అని చెట్టెక్కేరు.

కత్తి రెండు దెబ్బలు పడింది. గాలికి పాలు ఆయన మొహంమీద చిమ్మేయి. ఎలాగో దిగి, రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని బురదలో కూలబడ్డారు. అప్పుడు నేను ముందు చేసిన పని, కొమ్మ అందుకోవడం. పూత రాలకుండా దాన్ని కాగితాల మధ్య సర్దేను. ఆ తర్వాత మంచినీళ్ళ సీసా తీసేను. మహా అయితే ఒక నిమిషం పట్టి ఉంటుంది. ఆ నిమిషం తొందరపడి ఉంటే ఆయన రెండో కన్ను దక్కేదో లేదో నాకు తెలీదు. ఏ డాక్టర్నీ అడగలేదు.

అమలాపురం ఆసుపత్రిలో, ఎలా జరిగిందని అడిగేరు. అడవిలో పని చేసుకోవడానికి నాకు అనుమతి కాగితం ఉంది. ఇంకొకర్ని చెట్టెక్కించి కోయించకూడదని అందులోనే ఉంది. అనుమతి పోతే మూడేళ్ళ పని పోతుంది. ఇదంతా ఆలోచించే అన్నానని కూడా చెప్పలేను. నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది.

"వంటచెరుక్కి కొమ్మలు కొట్టుకుంటున్నారండి. నేను చూసి తీసుకొచ్చేను."

డాక్టరు ఆయనవైపు తిరిగి, "అంతేనా?" అన్నారు.

కళ్ళకి కట్టుతో వీరాసామిగారు నా గొంతు వచ్చినవైపు మొహం తిప్పేరు. "ఆయ్. వంటచెరుక్కేనండి," అన్నారు.

ఆ మాట ఆసుపత్రి చీటీలోకెక్కింది, చీటీతోపాటు ఊళ్ళోకీ వెళ్ళింది. మడలో కొమ్మలు నరికే మనిషికి కాపలా ఎలా ఇస్తామని కమిటీవాళ్ళు ఇంకొకర్ని పెట్టుకున్నారు. నేను ఒక్క ఉత్తరం రాస్తే సరిపోయేది. రాయలేదు.

పది రోజుల తర్వాత మళ్ళీ మడలోకి వెళ్ళేను. చెట్లు లెక్కపెట్టడానికి కొలిచి పెట్టుకున్న చోట్లలో ఒకటి మిగిలిపోయింది. వేరే పడవ మాట్లాడుకున్నాను. ఆ పడవతను వీరాసామిగారికి జరిగింది విన్నాడు కాబట్టి లోపలికి రానన్నాడు. పాయ ఒడ్డున ఆగుతానన్నాడు. నేనొక్కదాన్నే వెళ్ళేను. లోపలిదాకా చెట్టునించి చెట్టుకి పసుపు తాడు కట్టి ఉంది, పోయినసారి నేనూ వీరాసామిగారూ కట్టిందే. దాని వెంటే వెళ్ళేను.

పని అయ్యేసరికి మూడయింది. వెనక్కి వస్తుంటే, కొంత దూరం వచ్చేక తాడు లేదు. వచ్చేటప్పుడు ఉంది. చివర పట్టుకు చూస్తే కత్తితో కోసినట్టుంది. కట్టెలు కొట్టేవాళ్ళు ఎవరో, నేను లోపల ఉండగా పట్టుకుపోయి ఉంటారు. ఇందులో వింతేమీ లేదు. మడలో అలాంటివి జరుగుతాయి.

నాకు గుర్తున్న దిక్కుకి నడిచేను. పావుగంట తర్వాత మళ్ళీ అదే కోసిన తాడు దగ్గరకొచ్చేను. అప్పటికి పోటు మొదలైంది. బురదలోంచి మేకుల్లా లేచి ఉండే ఊపిరి వేళ్ళు ఒక్కొక్కటే మునుగుతున్నాయి. నీళ్ళు చీలమండ దాటేయి. పడవతన్ని పిలిచేను. పలుకు లేదు.

అప్పుడు వినపడింది. ఎడంచేతివైపు, ముప్ఫై అడుగుల దూరంలో ఉండొచ్చు. మగగొంతు.

"తిల్ల."

అరుపు కాదు. నేను రాసుకోవడానికి ఆయన పలికే తీరే. నాకు భయం వెయ్యలేదు. నిజం చెప్పాలంటే కోపం వచ్చింది, కళ్ళకట్టుతో ఉన్న మనిషిని ఎవరు తీసుకొచ్చేరని. "వీరాసామిగారూ" అని పిలిచేను. జవాబు లేదు. అటు వెళితే తిల్ల చెట్టుంది, మనిషి లేడు. ఇంకొంచెం ముందునించి, "గుగ్గిలం."

అలా నడిచేను. గుగ్గిలం, తర్వాత నల్లమడ. నీళ్ళు మోకాళ్ళదాకా వచ్చేయి. గొంతు ఎప్పుడూ అంతే దూరంలో ఉంది, నేను తొందరగా నడిచినా, ఆగినా. నల్లమడ దాటేక, "కలింగ మొద్దు," అంది.

కలింగ దగ్గరకొచ్చేను. ఆ చెట్టు నాకు తెలుసు. దాని మొదట్లో నంబరు రేకు కొట్టింది నేనే. పొద్దున్న నేను లోపలికి వెళ్ళిన దారి అది కాదు కాబట్టి ఆ రోజు చూడలేదు. పది రోజుల కిందట నిలబడి ఉంది. ఇప్పుడు మోకాలెత్తున నరికేసి ఉంది. కోత ఇంకా పచ్చిగా ఉంది. నా రేకు అలాగే ఉంది.

అక్కణ్ణించి చివరిసారి వినపడింది. "ఆల్చి పొదండి. ముల్లుంటది, పక్కనించి రండి."

ఆల్చి పొద చుట్టూ తిరిగేసరికి పాయ, పడవ కనబడ్డాయి. పడవతను గెడ పట్టుకుని కంగారుగా నిలబడి ఉన్నాడు. ఇటు ఎవరైనా వచ్చేరా అని అడిగేను. "ఎవరూ రాలేదండి. మీరెవరితోనో మాట్లాడతన్నట్టు మీ గొంతొక్కటే ఇనపడిందండి," అన్నాడు.

తిన్నగా వీరాసామిగారింటికి వెళ్ళేను. ఆయన నులకమంచం మీద నిద్రపోతున్నారు, కళ్ళకి కట్టు అలాగే ఉంది. ఆయన భార్య కాసమ్మగారు పక్కన కూర్చుని విసురుతున్నారు. నేనింకా ఏమీ చెప్పలేదు. ఇది మాత్రం నాకు బాగా గుర్తు. గుమ్మంలో నిలబడి, ఎలా ఉన్నారని మాత్రమే అడిగేను.

"మూడింటి కాడ్నించీ ఒకటే కలవరింతండి," అన్నారావిడ. "చెట్ల పేర్లండి. తిల్లన్నారండి, గుగ్గిలవన్నారండి, నల్లమడన్నారండి. కలింగ మొద్దన్నారండి. మొద్దేంటి మావా, చెట్టు కదా అన్నానండి. కాదు మొద్దే అన్నారండి. ముల్లుంటది పక్కనించి రండి అని, ఇదిగో అప్పుడు నిద్దరోయేరండి."

మా మాటలకి ఆయన లేచి ఎవరన్నారు. టీచరమ్మగారని ఆవిడ చెప్పేరు. "కాళ్ళకి బురదుంటది, నీళ్ళియ్యి," అన్నారాయన. అంతే. కలవరించింది ఆయనకి గుర్తు లేదు. మంచం దిగలేదని ఆవిడే చెప్పేరు. కలింగ నరికేరని ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు.

అప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది. కాసమ్మగారు వంగి నా కాళ్ళమీద నీళ్ళు పోస్తున్నారు. నేను తల దించుకుని, ఆయనకి త్వరగా తగ్గిపోతుందని చెప్పి వచ్చేసేను.

కుడికన్ను తిరిగొచ్చింది, ఎడమది రాలేదు. నాకు డాక్టరేట్ వచ్చింది. ఆ తిల్ల కొమ్మ షీటుమీద సేకరించినవారి పేరుచోట నా పేరే రాసేను.

మళ్ళీ ఆ ఊరు వెళ్ళడానికి నాకు ఎనిమిదేళ్ళు పట్టింది. మధ్యలో నాకు నేను చాలా కారణాలు చెప్పుకున్నాను. భయంలో ఉన్న మనసు, విన్న గొంతునే మళ్ళీ వినిపించిందని. దారి నా లోపల ఎక్కడో గుర్తుందని. చాలావరకు సరిపోయేవి. మొద్దు దగ్గర సరిపోయేవి కావు. కాసమ్మగారి మాటల దగ్గర అసలే సరిపోయేవి కావు.

వెళ్ళినరోజు వీరాసామిగారు అరుగుమీద వల బాగుచేసుకుంటున్నారు. కాసమ్మగారినీ కమిటీ పెద్దాయన్నీ కూడా పిలిపించి, వాళ్ళ ముగ్గురి ముందూ జరిగింది జరిగినట్టు చెప్పేను. నేనే ఎక్కించేనని, వద్దన్నా వినలేదని, ఆసుపత్రిలో అబద్ధమాడేనని.

వీరాసామిగారు ఇబ్బంది పడిపోయేరు. "అయిపోయిందాన్ని ఇప్పుడెందుకండీ," అన్నారు. పెద్దాయన నేలచూపులు చూసేరు.

కాసమ్మగారు మాత్రం మొగుడివైపే చూసేరు. "నాకూ వంటచెరుకనే చెప్పేవు కదా," అన్నారు మెల్లిగా. "ఊరంతా దొంగన్నారు. నేనూ అన్నాను." ఆవిడ లేచి లోపలికెళ్ళి తలుపు వేసుకున్నారు. నేను సాయంత్రందాకా కూర్చున్నా బయటికి రాలేదు.

ఆ తర్వాత రెండుసార్లు వెళ్ళేను. వీరాసామిగారు ఎప్పటిలా కూర్చోమన్నారు, టీ తెప్పించేరు. కాసమ్మగారు నా ఎదుటపడలేదు.

ఆ మధ్యాహ్నం ఆయన నోట ఏ మాట ఏ వరసలో వచ్చిందో విన్నది ఆవిడొక్కరే. ఎన్నింటికి మొదలైందో, ఒక్కో పేరుకీ మధ్య ఎంతసేపు ఆగేరో, ఇలాంటివన్నీ అడిగి రాసుకోవాలని నాకిప్పటికీ ఉంటుంది. కానీ ఆవిణ్ణి కూర్చోబెట్టి అడిగే మొహం నాకు లేదు. మడలో నాకు దారి చెప్పిందేమిటో నాకు తెలీదు. తెలుసుకోవడానికి ఉన్న ఒక్క తలుపునీ నేనే మూసుకున్నాను.