మురుకుల్లో ఉప్పు

1948లో చిత్తూరు వైపు ఒక సర్కారు ఆసుపత్రిలో నన్ను కుష్టు వార్డు నర్సుగా వేశారు. వార్డంటే వెనకవైపు ఒక పెంకుటిల్లు, దాని ముందు చిన్న వరండా, అంతే. మశూచి, కలరా వస్తే రోగి పేరూ ఊరూ ఆ పూటే తాలూకా ఆఫీసుకు రాసి పంపేవాళ్లం. ఈ వార్డు పద్ధతి వేరు. పేర్లున్న కాగితాల మీద ‘కాన్ఫిడెన్షియల్’ అని ముద్ర కొట్టేవారు, అంటే గుట్టుగా ఉంచవలసినవని. అవి డాక్టరుగారి బీరువాలో ఉండేవి. రోగి ఒప్పుకోనిదే అయినవాళ్లకు కూడా చెప్పకూడదు. నాది నోటి దురుసని అందరూ అనేవాళ్లు గానీ, ఆ ఒక్క సంగతిలో మాత్రం నోరు మెదిపేదాన్ని కాదు.

ఆ ఏడు చేరిన ఒకామె పేరు మునెమ్మ అనుకోండి, ఊరు పాకాల అనుకోండి. అసలువి ఇప్పటికీ చెప్పను. మొగుడు పోయాక తండ్రి దగ్గరే ఉండేది. ఆయన రైల్వే స్టేషన్లో మురుకులు అమ్మేవాడు. పిండి కలిపేది, ఉప్పు చూసేది ఈమే. వీపు మీద మచ్చ మొద్దుబారేసరికి, తిరుపతిలో ఎవరింట్లోనో పని దొరికిందని ఆయనకు చెప్పి ఇక్కడికి వచ్చేసింది.

“మా నాయనకు తెలిస్తే ఇంటికి తోడుకోని పోతాడక్కా. ఊర్లో పొక్కితే ఆయన సేతి మురుకు ఎవురు తింటారు? ఆయనకుండేది ఆ గంప ఒగటే,” అంది.

కొన్నాళ్లకు ఆ గంప నెత్తిన పెట్టుకుని ఆయనే వచ్చాడు.

“నర్సమ్మా, నా బిడ్డ మునెమ్మ ఈడ ఉండాదా? తిరుపతంతా ఎతికినా. ఈ ఆస్పత్రిలోకి పోతాంటే సూసినానని ఒగాయన సెప్పినాడు.”

తలుపు చాటున మునెమ్మ నావైపు చూసి తల అడ్డంగా ఊపింది.

“ఉండాదనీ చెప్పకూడదు, లేదనీ చెప్పకూడదు పెద్దాయనా. ఎవురొచ్చి అడిగినా ఇంతే,” అన్నాను.

ఆయన ఆ తలుపు వైపే చాలాసేపు చూశాడు. మళ్లీ ఆ పేరు ఎత్తలేదు. మెట్ల దగ్గర నిలబడి, రైలు ఆగినప్పుడు అరిచే గొంతుతో “మురుకులో, మురుకులు” అని అరిచి వెళ్లిపోయాడు. లోపల మునెమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది.

మరుసటి వారం మళ్లీ వచ్చాడు. నేను మురుకులు కొన్నాను.

“ఉప్పు సరిపోయిందేమో కనుక్కో నర్సమ్మా,” అన్నాడు. ఎవరిని కనుక్కోవాలో అనలేదు.

నాకు దిక్కు తోచలేదు. జవాబు పట్టుకొస్తే అన్నీ చెప్పేసినట్టే. లోపలికి పోయి మునెమ్మనే అడిగాను. ఆమె మురుకు విరిచి ఒక ముక్క మెల్లగా నమిలింది. చివరికి “తక్కువైందని సెప్పక్కా,” అంది.

అదే చెప్పాను. ఆయన మొహం అవతలికి తిప్పుకుని, “నేను కలిపితే అంతే,” అన్నాడు.

అప్పటినుంచి వారం వారం ఆ ఇద్దరి మధ్యా నడిచింది ఉప్పు కబురే. ఆయన వచ్చే రోజు మునెమ్మ పొద్దున్నే తల దువ్వుకుని కిటికీ దగ్గర కూర్చునేది. పొయ్యి ఎట్లా రాజేసుకుంటున్నాడో, ఒక్కడే ఏం తింటున్నాడో అని నన్నడిగేది. నాకేం తెలుసు? వానకు రైలు రాని వారం ఆమె అన్నం ముట్టలేదు.

ఏడాది దాటింది. చెవితమ్మె గీరి గాజుపలక మీద చూసే పరీక్షను ‘స్మియర్’ అంటాం. అది వరసగా శుభ్రంగా వచ్చేసరికి డాక్టరుగారు ఇంటికి పొమ్మన్నారు.

“మీ నాయనకు నేను చెప్పనా?” అన్నాను.

“వద్దక్కా. నేనే సెప్తా.”

మెట్ల దగ్గర ఆ అరుపు వినపడగానే మునెమ్మ వరండాలోకి వచ్చింది. గంపలోంచి ఒక మురుకు తీసి కొరికింది.

“ఈ తూరి ఉప్పు జాస్తి అయింది నాయనా.”

పెద్దాయన గంప కింద పెట్టేశాడు. “ఇంటికొచ్చి నువ్వే కలుపు,” అన్నాడు.

గుట్టు కాపాడడమంటే నోరు మూసుకోవడమే అనుకునేదాన్ని. ఏది చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో అడగవలసింది ఆ మనిషినే అని మునెమ్మ దగ్గర నేర్చుకున్నాను.

తరువాత ఆ దారిన రైల్లో పోయినప్పుడల్లా ఆ గొంతు కోసం చెవులు రిక్కించేదాన్ని. ఆయన గంప చుట్టూ ఎప్పుడూ జనమే. ఒకసారి నా పక్కన కూర్చున్నామె మురుకు కొరికి, “ఉప్పు భలే కుదిరిందే, ఎవురు చేసినారో,” అంది.

నాకేం తెలుసన్నాను.