బోరు తీగ, మిక్సీ తీగ

తమిళనాడు ధర్మపురిలో అదియమాన్‌కోట్టై రోడ్డు మీద మోటార్లకు తీగ చుట్టే అంగడి పాపక్కది. ఆమెకు తలనొప్పులు రెండే: కాలిపోయిన తీగ, మేనమామ ఆంజనేయన్. తీగనైతే విప్పి పారేయవచ్చు.

ఆంజనేయన్ నరాల తైలం అమ్ముతాడు. ఆ తైలం చుక్క పడి, తొప్పూరు కనుమలో ఇంజను చచ్చి పడున్న లారీ ఒకటి, డ్రైవరు లేకుండానే బెంగుళూరు చేరిందని సిగ్గు లేకుండా చెబుతాడు. అబద్ధాలు నేనూ చెబుతాను గానీ, సీసాల్లో పోసి అమ్మను.

పోయిన ఏడాది పాపక్క ఎడమకాలు మొద్దుబారింది. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. స్కాన్ చూసిన డాక్టరు కీర్తిక, వెన్నుపాములో నరాల మీది పొర ఊడిపోతోందని, వెంటనే ఆస్పత్రిలో చేరి ఐదు రోజులు ఇంజెక్షన్లు వేయించుకోకపోతే కాలు చచ్చుబడవచ్చని చెప్పింది.

"ఆ పొర చుట్టే కణాలన్నీ ఒకే రకం కాదక్కా. మెదడులోవి పొట్టి పొరలు చుడతాయి, వెన్నులోవి పొడుగువి. కొన్ని కొత్తగా చుడతాయి, కొన్ని చుట్టినదాన్ని కాపాడతాయి. మేమే ఇంకా నేర్చుకుంటా ఉండాము."

పాపక్కకు అది తన అంగడి మాటలాగే వినిపించింది.

మర్నాడు ఆంజనేయన్ వచ్చాడు. ఆయన బోరు మోటారు కాలిపోయి ఆమె బల్ల మీదే ఉంది. అక్కడ నీళ్ళు లేక ఆయన పసుపు తోట ఎండిపోతోంది.

"ఆస్పత్రి ఎందుకు పాపా? నరమంటే నరమే. తలకైనా ఎన్నుకైనా నా తైలం ఒకటే. నలబై దినాలు రుద్దు, సాలు."

పాపక్క మిక్సీ తీగ చుట్ట అందుకుంది. "సరే మామా. తీగంటే తీగే కదా? నీ మోటారుకు దీన్నే చుట్టేస్తా."

"అయ్యయ్యో! దానికి ఉట్టి వార్నిష్ పూతే కదా! నీళ్ళలో దించితే కాలిపోదా? బోరుకు ప్లాస్టిక్ తొడుగు తీగే కావాలని నువ్వే కదా చెప్పినావు!"

"నీ మోటారుకైతే బాగా తెలుస్తాది మామా. నా ఎన్నే నీకు అగ్గువైపోయిందా?"

అంగడి మూసి, ఆటో పిలిచి, నేరుగా ఆస్పత్రికి పోయింది.

ఇప్పుడు నడుస్తోంది. సాయంత్రానికి ఎడమకాలు కొంచెం ఈడుస్తుంది గానీ, చెప్పు జారితే తెలుస్తోంది. తిరిగి రాగానే మామ మోటారుకు బోరు తీగే చుట్టి ఇచ్చింది.

ఆంజనేయన్‌కూ బుద్ధి వచ్చింది, ఆ బుర్రలో పట్టినంత. ఇప్పుడు రెండు రకాల సీసాలు అమ్ముతున్నాడు: ఎర్ర మూతది తలకు, పచ్చ మూతది వెన్నుకు. రెండూ ఒకే డబ్బాలోంచి పోస్తాడు. ఇది మాత్రం నేను కళ్ళారా చూసిందే.