నోటుబుక్కులో లేని పేరు

ప్రమీల బుధవారం సాయంత్రం మెషీన్ ఆపినప్పుడు అంతా బాగానే ఉంది. గురువారం పొద్దున తెరిచి చూస్తే తెలుగు అక్షరాలు లేవు. రోగుల జాబితాలో ‘సోమ్లీ’ అన్న పేరు ఉండాల్సిన చోట చిన్న చిన్న డబ్బాలూ, చుక్కలూ, అర్థం లేని గీతలూ కనిపించాయి.

మహబూబాబాద్‌లో లీలావతి నడిపే కంటి వైద్య సేవా సంఘంలో ప్రమీల టైపిస్టు. వయసు ముప్పై ఆరు. సొంతూరు జనగామ. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడులు నెలల తరబడి మూతపడ్డ ఏడు ఆమె పెద్ద పరీక్షకు కూర్చోవలసి ఉండింది. బడి మళ్ళీ తెరిచాక తండ్రి “ఇగ చాలు బిడ్డా” అని పుస్తకాలు మూట కట్టించాడు. ఆ మీదట ఎంతో పోట్లాడి టైపు నేర్చుకుంది. అప్పటి నుంచి ఏ పని చేతికొచ్చినా, ఇది ఎప్పుడు జారిపోతుందోనని గుండెలో ఒక కుదుపు ఉండేది.

ఎనభై తొమ్మిదిలో సంఘానికి ఎవరో దాత కంప్యూటరు ఇచ్చినప్పుడు ఆ కుదుపు పెద్దదైంది. వారం రోజులు నేర్పించి వెళ్ళిపోయారు. అన్నీ మరిచిపోతానన్న భయంతో ఆమె ఒక నోటుబుక్కు పెట్టుకుని, మెషీన్‌లో ఏ రోజు ఏ ప్రోగ్రాము ఎక్కించారో, దాని పేరేమిటో రాసుకుంది. తెలుగు అక్షరాలు చూపించే ప్రోగ్రాముతో కలిపి ఆరు పేర్లు. అందరూ నవ్వారు.

ఇప్పుడు నవ్వేవాళ్ళెవరూ లేరు. శుక్రవారం కంటి ఆపరేషన్ల శిబిరం. రెండు వందల పన్నెండు మంది పేర్లు, తండాలు, ఏ కన్ను అన్నదీ అచ్చయి ఇవాళ మధ్యాహ్నం రెండింటికల్లా డాక్టర్ల చేతిలో ఉండాలి. పోయినేడు చేతిరాత జాబితాలో బయ్యారం వైపు ఒకే తండాకు చెందిన ఇద్దరు సోమ్లీలు కలిసిపోయి, ఒకామె ఆపరేషన్ లేకుండానే వెనక్కి పోయింది. ఆ సోమ్లీ ఈసారి ముందే వచ్చి గది బయట నేల మీద కూర్చుని ఉంది, పక్కన కోడలు రాజీ.

“అమ్మా, మా అత్త పేరు అండ్ల ఉన్నదా?” అంది రాజీ తొంగి చూసి.

“ఉన్నది,” అంది ప్రమీల. ఆ మాటను తనే నమ్మలేకపోయింది.

లీలావతి రిటైరైన హెడ్‌మాస్టరమ్మ. తెర చూసి ముఖం మాడ్చుకుంది. “ఏం చేసినవ్ ప్రమీలా?”

“నేనేం ముట్టలేదమ్మా. నిన్న ఎట్ల బంద్ చేసిననో గట్లనే తెరిచిన.”

“ముట్టకుంటే గిట్ల ఎందుకైతది?”

గట్టిగా అడుగుతుంటే ప్రమీలకు తానే ఏదో నొక్కానేమోనని అనుమానం మొదలైంది. హైదరాబాద్‌కు ట్రంకు కాల్ బుక్ చేశారు. గంటన్నర దాటాక లైను కలిసింది. అవతల ఇంజనీరు వెంకట్రాం, కోస్తా మనిషి, మర్యాదస్తుడు.

“కంగారు పడకండి. మెషీన్‌లో ప్రస్తుతం ఏవేవి ఎక్కి ఉన్నాయో అదే చెబుతుంది. ఎం, ఇ, ఎం కొట్టండి. ఖాళీ వదలండి. ఏటవాలు గీత కొట్టి, ‘ప్రోగ్రాం’ అని ఇంగ్లీషులో కొట్టండి.”

తన యాస విని నవ్వుతాడేమోనన్న బెరుకు కూడా ఆమెకు ఆ క్షణంలో గుర్తుకు రాలేదు. కొట్టింది. తెర మీద పేర్లు బారుగా దిగాయి. నోటుబుక్కు పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే చదివింది. ఒకటి ఉంది. రెండు ఉంది. అయిదు దాకా సరిపోయాయి. ఆరోది లేదు.

“సార్, తెలుగుది లేదు! దాని జాగల వేరే పేరున్నది. గిది నా బుక్కుల లేదు.”

“ఆ పేరు అక్షరాలు చదవండి... ఓహో. అది ప్రింటరు వేగం పెంచేది. మెమరీ బోలెడంత తినేస్తుంది. మీ తెలుగుకు చోటు మిగల్లేదు, అంతే. ఎవరు వేశారండీ?”

ప్రమీల తలెత్తింది. తలుపు దగ్గర తండాలకు తిరిగే సూపర్‌వైజర్ ప్రభాకర్ నిలబడి ఉన్నాడు. నలభై దాటిన మనిషి, ముఖంలో నెత్తురు లేదు. ఎవరూ అడగకముందే చెప్పేశాడు.

“నిన్న నువ్వు పోయినంక నేనే ఏసిన ప్రమీలా. మా బామ్మర్ది ఫ్లాపీ ఇచ్చిండు. రెండు వందల పేర్లు జల్దీ కొడుతదన్నడు.”

తిట్టడానికి తీరిక లేదు. ట్రంకు కాల్ మూడు నిమిషాలు అయిపోతున్నాయి. మెషీన్ తెరిచేటప్పుడు అది చదువుకునే ఫైలును ఎలా తెరవాలో వెంకట్రాం గబగబా చెప్పాడు; ఆమె తెరిచి వరసలు చదివి వినిపించింది. “నాలుగో వరస అదే కదా?” అన్నాడతను. “నాలుగు, డి కొట్టండి. అది పోతుంది. తర్వాత ఇ కొట్టి బయటికి రండి. పొరపాటున క్యూ కొడితే మార్పు నిలవదు.” అంతలో లైను తెగిపోయింది.

ప్రమీల వరసలు లెక్కపెట్టింది. మళ్ళీ పెట్టింది. తప్పు వరస తీసేస్తే మెషీన్ అసలు లేవదేమో.

“పేరు సరిగ్గ చూసినవా?” అంది లీలావతి.

“చూసిన. ప్రభాకరన్నా, నువ్వూ జర చూడు. గిదేనా?”

ప్రభాకర్ వంగి చూశాడు. “గదే.”

నాలుగు, డి. ఆ తర్వాత ఇ. మెషీన్ ఆపి మళ్ళీ వేసింది. జాబితా తెరిచింది. పైన నల్లటి తెర మీద, పచ్చగా, ‘సోమ్లీ’. దాని కింద రెండో సోమ్లీ, వేరే నంబరుతో, వేరే కన్నుతో.

ప్రింటరు పాత వేగంతోనే గరగరమంటూ నింపాదిగా కొట్టింది. పావు తక్కువ రెండుకు చివరి కాగితం చించారు. రాజీని పిలిచి ప్రమీల వరస మీద వేలు పెట్టి చదివి వినిపించింది: పేరు, తండా, ఎడమ కన్ను. సోమ్లీ తమ లంబాడీ భాష గోర్‌బోలీలో కోడలితో ఏదో అంది.

“ఎడమదేనట,” అంది రాజీ, “ఇంకోసారి సదవమంటున్నది.”

ప్రమీల ఇంకోసారి చదివింది.

శుక్రవారం ఆపరేషన్ అయింది; శనివారం సోమ్లీ కట్టు విప్పారు. ప్రభాకర్‌ను లీలావతి నాలుగు మాటలని వదిలేసింది. ప్రమీలతో మాత్రం ఒక్క మాటే అంది: “పొద్దున నిన్నే అనుమానించిన. తప్పయింది.” పెద్దామె నోట ఆ మాట విని, ప్రమీల ప్రింటరు మీద కవరు కప్పింది.

మరుసటి నెలలో హైదరాబాద్‌లో జరిగే పదిరోజుల కంప్యూటరు శిక్షణకు ఆమె పేరే పంపారు. ఒంటరిగా రైలెక్కాలని తెలిసి రెండు రోజులు ఆమెకు అన్నం సయించలేదు. అయినా పోయింది.